నాడె జారే బాట, పలక జారే కొండ

పిల్లలూ, ఈ నెల మనం సిద్దిపేటకు పోదాం. హైదరాబాదు నుంచి కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి మీద సుమారు 100 కిలోమీటర్లు పోతే ఈ ఊరు వస్తుంది. బస్సులు బోలెడు. రైలెక్కి పోవాలని ఉంటే 2023 అక్టోబరు 3 నుంచి ఆ ముచ్చటా తీరుతున్నది. అంతకు ముందు సిద్దిపేట పిల్లలు రైలు చూడాలంటే మరొక ఊరు పోవలసి వచ్చేది. వెనుక ఇది మెదక్ జిల్లాలోని పట్టణం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు తానే ఒక జిల్లాకు ముఖ్యపట్టణమైంది.

కొత్తగా వచ్చినవాళ్ళను ఊరివాళ్ళు ముందుగా కోమటిచెరువు గట్టుకు తీసుకుపోతారు. అక్కడ వేలాడే వంతెన ఉంది, పడవలున్నాయి. చెరువును మనం సాయంత్రానికి ఉంచుకుందాం. పొద్దున్నే మగ్గం ఉన్న ఒక ఇంటికి పోవాలి. ఎందుకంటే నేనీసారి చెప్పబోయేది జారడాన్ని గురించి. ఒక వస్తువు మరొక వస్తువు మీద హాయిగా జారాలంటే ఏం చేయాలి, ఆ జారుడు చెడిపోకుండా ఎలా కాపాడుకోవాలి అన్నదే ఈ నెల పాఠం. సిద్దిపేట మగ్గం గుంటలో మొదలుపెట్టి కాశ్మీరు మంచుకొండల దాకా పోదాం. అంత దూరం ఎందుకు పోవాలో దారిలో మీకే తెలుస్తుంది.

మగ్గం ఇల్లు వెతుక్కోవడం సులభం. చెవి ఒగ్గితే చాలు, టక్, టక్ అని చప్పుడు వినిపిస్తుంది. లోపలికి పోతే నేలలో ఒక గుంట, గుంట అంచున కూర్చొని కాళ్ళు గుంటలోకి విడిచిన ఒక పెద్దాయన కనిపిస్తారు. ఆయన ముందు వందల కొద్దీ దారాలు పొడుగ్గా పరచి ఉంటాయి. పొడుగ్గా ఉన్నవి పడుగు, అడ్డంగా పోయేది పేక. ఆయన కాలితో ఒక చెక్కను తొక్కగానే పడుగు రెండు వరుసలుగా విడిపోయి మొసలి నోరు తెరిచినట్టు తెరుచుకుంటుంది. చేతితో తాడు లాగగానే ఒక చిన్న కొయ్య పడవ ఆ నోట్లో నుంచి ఈ కొస నుంచి ఆ కొసకు దూసుకుపోతుంది. దాని కడుపులో కండె ఉంటుంది, కండె నుంచి పేక దారం ఊడి వస్తుంది. ఆ పడవనే నాడె అంటారు.

"తాతా, నాడె ఒకసారి చూపిస్తారా?" అని అడగండి. చూపిస్తారు. కాని మగ్గం నడుస్తుండగా మాత్రం చెయ్యి చాచకండి. "దూరంగుండు బిడ్డా, ఎగిరొస్తది" అని ఆయనే హెచ్చరిస్తారు. నాడెకు రెండు కొసలా ఇనుప మొనలుంటాయి. అది దారి తప్పి మగ్గం దాటి వచ్చిందంటే కంటికే ప్రమాదం.

తాడు లాగితే ఎగిరే ఈ నాడెను ఇంగ్లండులో జాన్ కే అనే ఆయన కనిపెట్టి 1733లో పేటెంటు పొందాడు. అంతవరకు నాడెను ఒక చేతితో విసిరి మరొక చేతితో పట్టుకోవలసి వచ్చేది. వెడల్పు గుడ్డ నేయాలంటే చెరొక పక్కా ఇద్దరు కూర్చోవాలి. మన దేశపు మగ్గాలలో ఈ ఎగిరే నాడె 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో బాగా వ్యాపించింది.

ఇప్పుడొక చిన్న లెక్క. కాగితం, పెన్సిలు తీసుకోండి. చీర పొడవు ఐదున్నర మీటర్లు, అంటే సుమారు 216 అంగుళాలు. అంగుళానికి 60 పేకలు వేస్తారనుకుందాం. అప్పుడు ఒక చీరకు నాడె ఎన్నిసార్లు పోవాలి? 216ను 60తో గుణిస్తే 12,960. పోయిన ప్రతిసారీ నాడె చీర వెడల్పంతా, అనగా సుమారు 1.2 మీటర్లు జారుతుంది. ఆ రెంటినీ గుణిస్తే పదిహేనున్నర కిలోమీటర్లు! మీ అమ్మ కట్టుకున్న నేతచీర ఒక్కటి తయారు కావడానికి ఆ చిన్న కొయ్య ముక్క ఇంచుమించు ఒక పూట నడకంత దూరం జారిందన్న మాట.

మరి అది దేని మీద జారుతుంది? చాలామంది చెక్క మీద అనుకుంటారు. దగ్గరగా చూడండి. నాడె కింద చెక్క పలక ఉన్న మాట నిజమే. కాని నాడెకూ ఆ పలకకూ నడుమ పడుగులో కింది వరుస దారాలు పరచి ఉన్నాయి. నాడె జారేది ఆ దారాల మీద. ఎంతో సన్నని నూలు పోగుల మీద నుంచి ఒక కొయ్య ముక్క పదమూడు వేలసార్లు దూసుకుపోవాలి, ఒక్క పోగూ తెగకూడదు. సంగతంతా ఇక్కడే ఉంది.

నూలు దారాన్ని భూతద్దం కింద పెట్టి చూశారా? పైకి నున్నగా కనిపించే దారం నిండా నూగే. పత్తి పీచు ఒక్కొక్కటి రెండున్నర, మూడు సెంటీమీటర్ల పొడవే ఉంటుంది. అలాంటి పొట్టి పీచులనే మెలిపెట్టి పొడవైన దారం చేస్తారు. కాబట్టి పీచుల కొసలు దారం నుంచి బయటికి పొడుచుకొని ఉంటాయి. నాడె పోయినప్పుడల్లా ఆ కొసలు రాచుకొని లేచిపోతాయి, పక్క దారాల నూగుతో చిక్కు పడతాయి. చివరకు పోగు తెగుతుంది. తెగిన పోగును వెతికి ముడి వేయాలి. అంతసేపూ మగ్గం ఆగుతుంది. మగ్గం మీద కూలి గంటలను బట్టి కాదు, నేసిన గుడ్డను బట్టి. మగ్గం ఆగితే ఆ రోజు రాబడి ఆగినట్టే.

దీనికి మన నేతగాళ్ళు ఎన్నో తరాల కిందటే కనిపెట్టిన ఉపాయం గంజి. బియ్యపు గంజి కాచి, వడగట్టి, అందులో కొంచెం నూనె కలుపుతారు. పడుగును వీధి పొడవునా సాచి కట్టి, ఆ గంజి పట్టించి, పొడవాటి కుంచెతో ఒకే దిక్కుగా దువ్వుతారు. కుంచె నూగును పడుకోబెడుతుంది, గంజి దానిని లేవకుండా అంటించి పెడుతుంది. మీరు తలకు నూనె రాసి దువ్వుకున్నట్టే! దువ్వడం ఆలస్యమైతే గంజి ఆరి పక్కపక్క పోగులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అందుకే ఎండ ముదరక ముందే, పొద్దున్నే, ఇంటిల్లిపాదీ చేరి చేసే పని అది. వెనుక నేతగాళ్ళున్న ఊళ్ళలో తెల్లవారేసరికి వీధులు ఇలాంటి పడుగులతో నిండి ఉండేవి. ఇప్పుడు ఆ దృశ్యం అరుదు. గంజి పెట్టిన నూలు తయారుగా దొరుకుతున్నది.

గంజిలో నూనె ఎందుకు? వట్టి గంజి ఎండితే అప్పడంలా పెళుసెక్కుతుంది. పెళుసైన పోగు వంగినచోటల్లా విరుగుతుంది. నూనె దానికి మెత్తదనం ఇస్తుంది. నూనె ఎక్కువైతే గంజి అంటుకోదు. ఎంత గంజికి ఎంత నూనె అన్నది కాలాన్ని బట్టి మారుతుంది. వేసవిలో గాలి పొడిగా ఉండి పోగులు త్వరగా పెళుసెక్కుతాయి. వానాకాలంలో గాలిలోని తేమ పీల్చుకొని గంజి జిగటగా మారుతుంది. మగ్గాన్ని గుంట మీద పెట్టడంలో ఉన్న తెలివి కూడా ఇదే. నేలలోని చెమ్మ కింది నుంచి పోగులకు తగులుతూ ఉంటుంది. మరీ ఎండలు కాస్తే నేల మీద నీళ్ళు చల్లుతారు. ఏసీ యంత్రాలు పుట్టకముందే గాలిలోని తేమను అదుపులో పెట్టిన ఏర్పాటు ఇది. పాఠ్యపుస్తకాలలో దీనికి చోటు దొరకకపోవడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

దారాల సంగతి అయింది. నాడె అడుగు కూడా బాగుండాలి గదా! ఒక్క చీలిక లేచినా అది ముల్లులా పోగులను పట్టి లాగుతుంది. అందుకని నేతగాడు నాడెను తిరగేసి వేలితో తడిమి చూసుకుంటాడు. గరుకు తగిలితే సన్నని ఉప్పు కాగితంతో రుద్ది, ఒక్క చుక్క నూనె రాసి, గుడ్డతో గట్టిగా తుడిచేస్తాడు. తుడవకపోతే నూనె మరక చీరకు అంటుతుంది. అడుగు పగిలిన నాడెను ఎంత పాత స్నేహమైనా పక్కన పెట్టవలసిందే.

సిద్దిపేటలో ఈ జాగ్రత్తకు మరొక కారణం ఉంది. ఇక్కడి చీరలకు పేరు తెచ్చింది గొల్లభామ బొమ్మ. నెత్తిన కుండ, చేతిలో మరొక కుండ పట్టుకొని నిలబడిన భామ. పాలు, పెరుగు అమ్ముకోవడానికి వచ్చే గొల్లభామలను చూసి నేతగాళ్ళు ఈ బొమ్మ కట్టారని చెబుతారు. ఇది అచ్చు వేసింది కాదు, కుట్టింది కాదు. బొమ్మకు కావలసిన పడుగు పోగులను ఎత్తి, రంగు దారాన్ని చేతితో దూర్చి, ఆపైన మామూలు నాడెను ఒకసారి పంపిస్తారు. మళ్ళీ రంగు దారం, మళ్ళీ నాడె. అలా వరుస మీద వరుస పేరిస్తే పాదాలు, పావడా, నడుము, కుండ వస్తాయి. ఇంత చేశాక భామ ముఖం దగ్గర ఒక పడుగు పోగు తెగిందనుకోండి. ముడి వేయవచ్చు, కాని ఆ ముడి ముఖం మీదే ఉంటుంది. 2012లో ఈ చీరలకు భౌగోళిక గుర్తింపు లభించింది. సిద్దిపేట గొల్లభామ అన్న పేరును ఇతరులు వాడుకోకుండా ఆ గుర్తింపు కాపాడుతుంది. పేరును కాపాడడానికి చట్టముంది. నేసే చేతులు మాత్రం బాగా తగ్గిపోయాయి, ఉన్నవారిలో పెద్ద వయసు వారే ఎక్కువ.

మగ్గం దిగి వీధిలోకి వద్దాం. జారుడు కోసం పూత పూయడం నేతగాళ్ళ ఒక్కరి విద్యే కాదు. మీ తాతగారిని ఎడ్లబండి సంగతి అడగండి. ఇరుసు కొయ్య మీద చక్రం తిరిగేచోట కందెన వేసేవారు. ఎండుగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి చేసే నల్లని ముద్ద అది. కందెన లేని బండి ఒక ఊరి నుంచి ఇంకొక ఊరికి పోయేలోపల ఏడ్చినట్టు కీచుమంటుంది, ఇరుసు వేడెక్కుతుంది, అరుగుతుంది. సుమతీ శతకంలో కందెన మాట వచ్చే పద్యం ఒకటుంది. ఇంట్లో పెద్దవాళ్ళ చేత చెప్పించుకోండి.

ఇక మీరే ఒక ప్రయోగం చేయండి. మూరెడు పొడవున్న నున్నని చెక్క పలక, ఒక ఖాళీ అగ్గిపెట్టె, కొన్ని గులకరాళ్ళు, ఒక కొవ్వొత్తి, స్కేలు చాలు. అగ్గిపెట్టెలో రాళ్ళు వేసి పలక ఒక కొసన పెట్టండి. ఆ కొసను మెల్లగా పైకి ఎత్తండి. అగ్గిపెట్టె ఎప్పుడు జారడం మొదలుపెడుతుందో అప్పుడు ఆపి, ఎంత ఎత్తు లేపారో కొలిచి రాసుకోండి. ఇప్పుడు పలక అంతటా కొవ్వొత్తిని రుద్ది, గుడ్డతో బాగా తోమి మళ్ళీ కొలవండి. తరువాత మైనం దట్టంగా పులిమి, తోమకుండా వదిలేసి మూడోసారి కొలవండి. నాలుగోసారి ఆ పలకను మండుటెండలో కాసేపు ఉంచి, మైనం మెత్తబడ్డాక కొలవండి. నాలుగు అంకెలు పక్కపక్కన పెట్టి చూసుకోండి. మైనం ఉంటే చాలదు, అది పలచగా, గట్టిగా, ఆనాటి ఎండకు తగినట్టుగా ఉండాలని మీకే బోధపడుతుంది. వానాకాలంలో ఉబ్బి బిగుసుకున్న సొరుగుకు అమ్మ కొవ్వొత్తి ముక్క రుద్దడం మీరు చూసే ఉంటారు. అదీ ఇదే.

ఈ కొవ్వొత్తి ముక్కను జేబులో వేసుకొని ఇప్పుడు కాశ్మీరు పోదాం. గుల్మార్గ్ సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలంలో అక్కడి వాలులన్నీ తెల్లని మంచుతో కప్పి ఉంటాయి. 2020 నుంచి ఖేలో ఇండియా శీతాకాలపు క్రీడలు అక్కడ జరుగుతున్నాయి. రెండు కాళ్ళకు రెండు బద్దలు కట్టుకొని జారితే అది స్కీ. రెండు కాళ్ళనూ ఒకే వెడల్పు పలకకు బిగించుకొని, పక్కవాటుగా నిలబడి జారితే దానిని స్నోబోర్డు అంటారు. మనం మంచు పలక అందాం.

స్కీలు చాలా పాతవి. స్వీడన్‌లో 1924లో బురదనేలలో దొరికిన ఒక జత సుమారు 5,200 ఏళ్ళ నాటిది. మంచు పలక మాత్రం నిన్న మొన్నటిది. 1965లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ అనే ఆయన తన కూతుళ్ళు ఆడుకోవడానికి రెండు స్కీలను పక్కపక్కన బిగించి ఇచ్చాడు. పిల్లల ఆటవస్తువుగా మొదలైన ఆ పలక 1998లో జపానులోని నగానోలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో చోటు సంపాదించింది.

మంచు మీద ఏ వస్తువైనా జారుతుంది గదా, మైనం ఎందుకు అంటారేమో. మంచు ఎందుకు జారుతుందో ముందు చూద్దాం. 1939లో బౌడెన్, హ్యూస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు స్విట్జర్లాండు కొండలలో, మంచు నడుమ దీనిని పరీక్షించారు. జారే వస్తువు రాపిడికి వేడి పుడుతుంది. ఆ వేడికి మంచు పైపొర కొద్దిగా కరిగి పలుచని నీటిపొర ఏర్పడుతుంది. పలక జారడంలో ఆ నీటిపొరకు పెద్ద పాత్ర ఉంది. మైనం పెట్టిన పలక మీద 60 కిలోల మనిషి నిలబడి చదునైన మంచు మీద సాగుతున్నాడనుకోండి. ఆ సాగుడు ఆగకుండా ఉండడానికి సుమారు 3 కిలోల బరువును ఎత్తేంత బలం చాలు. అదే పలక అడుగు ఎండిపోయి గరుకెక్కితే వాలు మీద కూడా ఎవరో వెనక నుంచి చొక్కా పట్టి లాగుతున్నట్టు ఆగి ఆగి పోతుంది. మలుపు దగ్గర అలా పట్టేస్తే మనిషి పడతాడు.

పలక అడుగున ఉండేది ఒక రకం పాలిథిలీన్. మీ ఇంటికి వచ్చే పాల ప్యాకెట్టు కూడా ఆ కుటుంబానిదే. అయితే పలకకు వాడే దానిలో అణువుల గొలుసులు ఎంతో పొడవు, అందుకే అది అంత త్వరగా అరగదు. మంచి పలకల అడుగును పొడిని వేడిమితో అదిమి తయారు చేస్తారు కాబట్టి అందులో కంటికి కనిపించని సందులుంటాయి. మైనం కూర్చునేది ఆ సందులలోనే. మంచు మీద జారిన కొద్దీ మైనం అరిగిపోతుంది. అడుగు, ముఖ్యంగా అంచుల పక్కన, పాలిపోయి తెల్లబారిందంటే మైనం అయిపోయిందని గుర్తు.

మైనం పెట్టే పద్ధతి చూస్తే మీకు పడుగుకు గంజి పెట్టడం గుర్తుకు వస్తుంది. ముందు పలకను తిరగేసి బల్ల మీద బిగిస్తారు. అడుగున అంటిన మురికిని, పాత మైనాన్ని కుంచెతో దువ్వి తీసేస్తారు. మురికి మీద మైనం పెడితే మురికి లోపలికి పోయి కూర్చుంటుంది. తరువాత ప్రత్యేకమైన ఇస్త్రీ పెట్టె వేడిచేస్తారు. మైనం కడ్డీని దానికి ఆనిస్తే బొట్లు బొట్లుగా కరిగి పలక మీద పడుతుంది. ఆ బొట్లను ఇస్త్రీ పెట్టెతో పలక పొడవునా పరుస్తారు. ఇక్కడ ఒక కట్టుబాటు ఉంది: పెట్టెను ఒకచోట క్షణమైనా ఆపకూడదు. ఆపితే అడుగు కాలి దాని సందులు మూసుకుపోతాయి, ఆపైన ఎంత మైనం పెట్టినా ఇంకదు. చొక్కా మీద ఇస్త్రీ పెట్టె మరిచిపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. మైనం పొగ వచ్చిందంటే పెట్టె మితిమీరి వేడెక్కిందని అర్థం. ఇది పెద్దలు చేసే పని, పిల్లలు పక్కన నిలబడి చూడవలసిన పని.

పరచిన మైనాన్ని అరగంటో, ఇంకొంచెం సేపో చల్లారనిస్తారు. అప్పుడు తమాషా చూడండి. అంత కష్టపడి పెట్టిన మైనాన్ని ప్లాస్టిక్ పలుగు ఒకటి తీసుకొని ముందు నుంచి వెనక్కు గీకి పారేస్తారు! పైన ఇక మైనమే లేదనిపించేదాకా గీకుతారు. ఆపైన గట్టి కుంచెతో దువ్వుతారు. జారడానికి కావలసినది సందులలోకి ఇంకిన మైనమే. పైన మందంగా మిగిలినది మంచును పట్టుకుంటుంది. మీ ప్రయోగంలో మూడో అంకె చెప్పింది ఇదే గదా.

నాలుగో అంకె కూడా ఇక్కడ పనికి వస్తుంది. మైనాలు ఒక రకం కాదు. ఏ చలికి ఏది వాడాలో వాటి మీదే డిగ్రీలలో రాసి ఉంటుంది. బాగా చలి ఉన్నప్పుడు మంచు రేణువుల మొనలు సూదుల్లా గట్టిగా ఉంటాయి. మెత్తని మైనం పెడితే ఆ మొనలు అందులో గుచ్చుకొని పలకను పట్టేస్తాయి. కాబట్టి చలికి గట్టి మైనం వాడాలి. ఎండ కాసి మంచు తడి తడిగా ఉన్నప్పుడు మెత్తని మైనం, నీటిని బాగా విదిలించేది కావాలి. సిద్దిపేటలో వేసవికీ వానలకూ గంజి పాళ్ళు మార్చే నేతగాడికి ఈ మాట చెబితే, ఇందులో కొత్త ఏముందని అంటాడు.

తడి మంచుతో ఇంకొక చిక్కుంది. రెండు గాజు పలకల నడుమ నీటి చుక్క వేసి అదిమితే అవి విడదీయరానంతగా అతుక్కుంటాయి. పలక కింద నీరు ఎక్కువైతే జరిగేది అదే. అందుకని పలక అడుగున వెంట్రుకంత సన్నని చాళ్ళు తీస్తారు. నీటిపొర ఆ చాళ్ళ దగ్గర తెగిపోయి పలక విడుదలవుతుంది. మైనం గీకిన తరువాత కుంచెతో దువ్వేది ఆ చాళ్ళు పూడిపోకుండా ఉండడానికే.

రాయి తగిలి అడుగున గాడి పడితే మాటు వేస్తారు. పాలిథిలీన్ పుల్లను వెలిగించి, కొవ్వొత్తి కన్నీరు కార్చినట్టు ఆ గాడిలో బొట్లు పోసి, చల్లారాక చదును చేస్తారు. పలక చుట్టూ ఇనుప అంచులుంటాయి. వాటిని తడి లేకుండా తుడిచి ఆకురాయితో సానపెడతారు. తడితో సంచిలో పెట్టి మరిచిపోతే మరునాటికే తుప్పు కనిపిస్తుంది.

మైనం సంగతిలో పెద్దలకు ఒక మాట. ఫ్లోరిన్ కలిసిన మైనాలు నీటిని అద్భుతంగా విదిలిస్తాయి, పోటీలలో గెలిపిస్తాయి. కాని వాటిలోని రసాయనాలు ఏళ్ళ తరబడి విచ్ఛిన్నం కావు. పలక నుంచి మంచులోకి, మంచు కరిగాక నేలలోకి, వాగులలోకి చేరుతాయి. అందువలన అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023–24 కాలం నుంచి తన పోటీలలో వాటిని నిషేధించింది. క్షణంలో వందోవంతు తేడాతో పతకాలు చేతులు మారే ఆటలో ఇది చిన్న నిర్ణయం కాదు. హిమాలయాల మంచు కరిగి ఎవరి గ్లాసులోకి వస్తుందో తెలిసిన మనకు అది సరైన నిర్ణయమనే తోస్తుంది. స్కాండినేవియాలో పూర్వం కొయ్య స్కీలకు దేవదారు జాతి చెట్ల తారు వేడిగా పూసేవారు. అది కొయ్యను తడి నుంచి కూడా కాపాడేది.

చలికాలం ముగిసి గుల్మార్గ్ వాలులలో గడ్డి మొలిచే వేళకు పలకలు అటక ఎక్కుతాయి. అప్పుడు మాత్రం మైనం దట్టంగా పూసి, గీకకుండా అలాగే వదిలేస్తారు. ఎండాకాలమంతా గాలి సోకి అడుగు ఎండిపోకుండా ఆ మందపు పొర కాపాడుతుంది. మళ్ళీ మంచు పడ్డ మొదటి రోజున దానిని గీకుతారు.

మన గొల్లభామకు అలా దాచుకొనే అవసరం లేదు. నేత పూర్తయి చీర మగ్గం దిగాక గంజి పని అయిపోయినట్టే. సిద్దిపేట నుంచి తెచ్చుకున్న నేతచీరను అమ్మ మొదటిసారి చల్లటి నీళ్ళలో వేసినప్పుడు పక్కనే కూర్చొని చూడండి. నీళ్ళు మెల్లగా కలకబారతాయి. వేళ్ళు ముంచి రుద్దుకుంటే కొంచెం జిగురుగా, కొంచెం జారుగా తగులుతుంది. నాడె పదిహేనున్నర కిలోమీటర్లు జారిన బాట అది.